తోకకు కట్టు

ఆ రోజు ఉదయం గుమస్తాకు ఉన్న పని ఒక్కటే. పది గంటలకు ధాన్యం గోదాము ఆఫీసులో జరిగే మీటింగుకు ఎలుకల ఫైలు పట్టుకుని వెళ్లాలి. గోదాములోని ఎలుకలను నిర్మూలించడానికి ఏ మందు కొనాలో ఆ మీటింగులో తేలుస్తారు. పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారిణి వస్తోంది. మందు అమ్మే కంపెనీ మనిషి కూడా వస్తున్నాడు. ఆ ఫైలు తయారుచేసింది, దారంతో కుట్టింది, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో ‘ఎలుకలు’ అని రాసింది గుమస్తాయే. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతను తయారుచేసిన ఫైలును పై అధికారులు అడిగి మరీ చూడటం ఇదే మొదటిసారి.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి, గట్టు కింద పెట్టిన బోనులో ఎలుక పడి ఉంది.

అతని భార్య స్కూల్లో లెక్కల టీచరు. ఆ ఎలుక మీద ఆవిడకు రెండు వారాలుగా కక్ష. రెండు సబ్బులు, ఒక కిటికీ తెర, దిద్దడానికి తెచ్చుకున్న పరీక్ష పేపర్లు పదకొండు అది కొరికిపారేసింది. ఏ పేపరు ఎవరిదో తెలియక ఆవిడ క్లాసులో దొరికిన పదకొండు మందికి పాస్ మార్కులు వేసింది. అందులో ముగ్గురు అసలు ఆ పరీక్షే రాయలేదని తర్వాత తెలిసింది.

"పెరట్లో బకెట్ నిండా నీళ్లు పట్టాను," అంది ఆవిడ బ్యాగు సర్దుకుంటూ. "బోనుతో సహా ఒక్క అయిదు నిమిషాలు ముంచి ఉంచండి. నాకు బస్సు టైమైంది."

అయిదు నిమిషాలన్న మాట దగ్గర గుమస్తా ఆగిపోయాడు. ‘నిర్మూలించవలెను’ అని అతను ఎన్నో కాగితాల మీద రాశాడు. రాయడానికి రెండు క్షణాలు పట్టేది. ఆ పని జరగడానికి అయిదు నిమిషాలు పడుతుందని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఎనిమిదేళ్ల కూతురు బోను ముందు గొంతుక్కూర్చుని చూస్తోంది. బోను తలుపు పడినప్పుడు ఎలుక తోక దాని కింద నలిగింది. చివర కొంచెం నెత్తురు కనిపిస్తోంది. ఎలుక ఓ మూలకు ముడుచుకుని, వచ్చినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది.

"బోను పెట్టింది మనమే కదా నాన్నా. అయితే మందు కూడా మనమే వేయించాలి," అంది ఆ పిల్ల.

లెక్కల టీచరు కూతురు లెక్క అలాగే సూటిగా ఉంటుంది. భార్య ఒకసారి కూతురిని, ఒకసారి మొగుడిని చూసి, తండ్రీ కూతుళ్లు ఏమన్నా చేసుకోండి గానీ సాయంత్రం తను వచ్చేసరికి ఆ శాల్తీ వంటింట్లో కనపడకూడదని చెప్పి వెళ్లిపోయింది. గుమస్తా కూతురి తల నిమిరి, డాక్టరుకు చూపిస్తానని మాటిచ్చాడు. ఇచ్చాడే గానీ, బస్ డిపో వెనకున్న ఖాళీ జాగాలో దాన్ని వదిలేసి తిన్నగా ఆఫీసుకు పోవాలన్నదే అతని ఆలోచన.

బోనును గుడ్డ సంచిలో పెట్టి, స్కూటరు కొక్కేనికి తగిలించి బయల్దేరాడు.

ఖాళీ జాగా అంచున ఒకే ఒక్క ఇల్లుంది. ఆ ఇంటి పెద్దాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. గుమస్తా సంచిలోంచి బోను తీసి, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడో లేదో, పెద్దాయన పైపు పట్టుకుని అక్కడికి వచ్చేశాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. అబద్ధం ఆడటానికి వ్యవధి లేక గుమస్తా ఉన్నది చెప్పేశాడు. ఏ వీధి నుంచి తెచ్చారని పెద్దాయన మళ్లీ అడిగాడు. గుమస్తా వీధి చెప్పాడు.

పెద్దాయన వంగి, కళ్లజోడు సర్దుకుని, బోనులోకి పరీక్షగా చూశాడు.

"ఇది మాదే బాబూ," అన్నాడు. "పదిహేను రోజుల కిందట మా అల్లుడు దీన్ని తీసుకెళ్లి మీ వీధి చివర వదిలొచ్చాడు. ఈ చెవి దగ్గర మచ్చ నాకు బాగా గుర్తు. మళ్లీ ఇక్కడికెందుకు తెచ్చారు?"

గుమస్తా క్షమాపణ చెప్పాడు. పెద్దాయన కోపగించుకోలేదు. తన ఇంటికి ఎలుక రాకుండా ఉంటే చాలనీ, దానికి మాత్రం ఏ హానీ జరగకూడదనీ, ఎవరూ లేనిచోట వదలమనీ హితవు చెప్పాడు. ఎవరూ లేనిచోటు ఎక్కడుందో గుమస్తా అడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, మీ వీధి చివర అలాగే ఉంటుందనుకున్నామని చెప్పి మొక్కల దగ్గరకు పోయాడు.

తొమ్మిదిన్నర దాటింది. ఆఫీసు దారిలో మిగిలిన చోటు కాలవ గట్టు ఒక్కటే. గుమస్తా అక్కడ స్కూటరు ఆపగానే ఎక్కడెక్కడి నుంచో ఏడు కుక్కలు వచ్చి సంచి చుట్టూ నిలబడ్డాయి. వాటి వెనకాలే రొట్టె ముక్కల గిన్నెతో ఒక ఆవిడ వచ్చింది. ఆవిడ ఆ వీధిలో దర్జీ. రోజూ కుట్టుమిషను తెరిచే ముందు ఆ కుక్కలకు తిండి పెడుతుంది. కుక్కలను అదిలించి సంచిలోకి తొంగి చూసింది. తోక చివర నెత్తురు చూసింది. గుమస్తా చెమట ముఖం చూసింది. రెండూ కలిపి తనకు తానే ఒక అర్థం చెప్పుకుంది.

"పశువుల ఆసుపత్రికా అన్నయ్యా?" అంది. "గాయపడ్డ ఎలుకను ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషిని ఇంత వయసొచ్చాక ఇవాళ చూశాను."

కాదు, పారేయడానికి వచ్చానని గుమస్తా చెప్పి ఉండాల్సింది. కానీ ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను చూసి ఒక మనిషికి కళ్లనీళ్లు రావడం అతనికి కొత్త. అవునన్నట్టు తలూపాడు. ఆ ఊపినదానికి ఫలితంగా ఆవిడ స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. ఆసుపత్రి పక్క సందులోనే అనీ, డాక్టరు తనకు తెలుసనీ, వరుసలో నిలబడకుండా తనే చూపిస్తాననీ చెప్పింది.

ఆసుపత్రిలో కాంపౌండరు రిజిస్టరు తెరిచి పేరు అడిగాడు. గుమస్తా తన పేరు చెప్పాడు, ఇంటి పేరుతో సహా. ఎలుకకు అంత పొడుగు పేరు పెట్టినవాళ్లను చూడలేదనుకుంటూ కాంపౌండరు రాసుకున్నాడు. వయసు ఎంతన్నాడు. నలభై ఏడని చెప్పాడు గుమస్తా. కాంపౌండరు ఒక క్షణం ఆగి, పక్కన ‘రోజులు’ అని చేర్చాడు. మగా ఆడా అన్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని అలా అడగటం గుమస్తాకు కొంచెం కష్టంగా తోచినా, మగ అని చెప్పాడు. పొద్దున్నించీ ఏమైనా తినడం జరిగిందా అంటే లేదన్నాడు.

డాక్టరు బాగా అలసిపోయిన మనిషి. ఎలుకను మెడ దగ్గర ఒడుపుగా పట్టుకుని, తోకకు మందు రాసి, తెల్లటి గుడ్డతో చిన్న కట్టు కట్టాడు. ఎలుక ఒక్కసారి కీచుమని ఊరుకుంది. ఆ చేతులు ఎంత మెత్తగా పనిచేస్తున్నాయో చూస్తూ గుమస్తా ఆఫీసు సంగతే మరిచిపోయాడు. అప్పుడే మందుల గది గుమ్మం పక్కన అతనికి ఒక పొట్లం కనిపించింది. ఎలుకల మందు. అదే కంపెనీ. అతని ఫైల్లో మూడో పేజీలో ఉన్నదే.

అదేమిటని డాక్టరును అడిగాడు.

"ముందు తలుపు నుంచి వచ్చినవి పేషెంట్లు," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "వెనక తలుపు నుంచి వచ్చినవి ఎలుకలు. మందుల పెట్టెలన్నీ కొరికేస్తున్నాయి. ఏం చేయమంటారు?"

దర్జీ ఆవిడ కూడా ఆ పొట్లం వైపు చూసి, తర్వాత చూడనట్టు గోడ మీద ఆవు బొమ్మ వైపు తిరిగింది. కట్టు విప్పేదాకా మూడు రోజులపాటు ఎలుకను బయట వదలకూడదని డాక్టరు చెప్పాడు. గుమస్తా గోడ గడియారం చూసి, ఆఫీసుకు ఆలస్యమైనందుకు ఒక చీటీ ఇప్పించమని ప్రాధేయపడ్డాడు. కాంపౌండరు రిజిస్టరులో రాసిందంతా ఎత్తి ఒక చీటీ మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. గుమస్తా దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని పరుగెత్తాడు.

పదకొండింటికి అతను మీటింగు గదిలో అడుగుపెట్టేసరికి అందరూ అతని ఫైలు కోసమే కాచుకుని ఉన్నారు. బల్లకు ఆ చివర తనిఖీ అధికారిణి, ఈ పక్క మేనేజరు, ఎదురుగా రంగురంగుల పొట్లాలు పేర్చుకుని మందుల కంపెనీ మనిషి. గుమస్తా సంచిని బల్ల కిందకు తోసి, ఫైలు మేడమ్ ముందు పెట్టి, చీటీ మేనేజరు చేతికిచ్చాడు.

మేనేజరు చీటీ చదివాడు. రోగి పేరు దగ్గర గుమస్తా పేరుంది. వయసు నలభై ఏడు రోజులు. మగ. ఆహారం మానేసింది. తోకకు గాయం, కట్టు కట్టడమైనది. కరవదు. మూడు రోజులు బోనులోనే ఉంచవలెను, బయట తిరగనీయరాదు.

మేనేజరు ఆ చీటీని వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పి మొదటి నుంచి చదివాడు. తర్వాత గుమస్తాను చూశాడు. కరవదని రాసి ఉన్నా తన కుర్చీని ఒక జానెడు దూరం జరుపుకున్నాడు. మెల్లగా, పసిపిల్లాడితో మాట్లాడినట్టు, ఇంట్లో అంతా బాగున్నారా అని అడిగాడు. మూడు రోజులు సెలవు కావాలంటే ఇప్పుడే ఇస్తానన్నాడు. ఆ ఆప్యాయత ఎందుకో గుమస్తాకు అర్థం కాలేదు.

అప్పుడే బల్ల కింద సంచి కదిలింది.

మేడమ్ అదేమిటని అడిగింది. గుమస్తా బోను తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. తోకకు తెల్ల కట్టుతో ఎలుక అందరినీ చూసింది. అందరూ ఎలుకను చూశారు. మేనేజరుకు చీటీ సంగతి సగం అర్థమై, మిగతా సగం ఇంకా గందరగోళమైంది.

మందుల మనిషి ముఖం మాత్రం వెలిగిపోయింది. పొద్దున్నించీ అతనికి ఒకటే లోటు. మందు ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఎలుక లేదు. గుమస్తాగారు ముందుచూపుతో తీసుకొచ్చారని మెచ్చుకుంటూ పొట్లం విప్పి, నీలం గుళికలు రెండు తీసి, బోను దగ్గరకు చెయ్యి చాపాడు.

గుమస్తా బోనును తన ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఇది కుదరదండి," అన్నాడు.

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. గుమస్తా నోట ఆ మాట ఇంతవరకు విన్నవాడు లేడు.

"ఎలుకే కదండీ," అన్నాడు మందుల మనిషి.

"ఎలుకే. కానీ ఇది నా పేరు మీద ఉంది."

చీటీ మేనేజరు చేతిలోనే ఉంది. మేడమ్ అది తీసుకుని చదివి, తన ముందు పెట్టుకుంది. మీటింగు చేయి దాటిపోతోందని మేనేజరుకు భయం వేసింది. ఈ ఒక్క ఎలుక కోసం రభస దేనికని, హమాలీని పిలిచి, గోదాములోంచి ఇంకో ఎలుకను పట్టుకురమ్మన్నాడు.

ఆ తొందరలో ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. నాలుగేళ్లుగా పై ఆఫీసుకు పంపిన ప్రతి నివేదికలోనూ, ఈ గోదాములో ఎలుకలు మొత్తం రెండేననీ, అవి కూడా ముసలివనీ ఆయనే రాస్తూ వచ్చాడు.

హమాలీ రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో పొడవాటి రేకు డబ్బా. అడుగున మిగిలిన గింజల కోసం దిగి, నున్నటి గోడలు ఎక్కలేక చిక్కుకుపోయిన ఎలుకలు అందులో మూడున్నాయి. డబ్బాను బల్ల మీద పెట్టి, "ఇంకా పెద్దవి కావాలంటే ఉన్నాయి సార్. సైజు చెప్పండి," అన్నాడు.

మేడమ్ డబ్బాలోకి వంగి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. మేనేజరు గ్లాసెత్తి నీళ్లు తాగాడు. గ్లాసులో నీళ్లు లేవన్న సంగతి ఆయనకు చివరిదాకా తెలియలేదు.

మందుల మనిషి డబ్బాలో గుళికలు వేయబోతుంటే మేడమ్ చెయ్యెత్తి ఆపింది. ఇది పనిచేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది.

"మూడు రోజులు మేడమ్. మొదటి రోజు ఏమీ తెలియదు. రెండో రోజు దాహం మొదలవుతుంది. మూడో రోజు..." అని, చేత్తో గాలిలో ఏదో సర్దినట్టు చూపించాడు. "తింటుందో లేదో చూపించడం వరకే నా పని."

"ఆ మూడు రోజులు దగ్గరుండి చూసేదెవరు?"

ఇంతవరకు ఏ గోదాములోనూ ఎవరూ చూడలేదనీ, చూడనక్కర్లేదనే ఈ మందును అందరూ ఇష్టపడతారనీ అతను వినయంగా చెప్పాడు. రేకు డబ్బాలో గోళ్ల చప్పుడు వినిపిస్తోంది. మేడమ్ గుమస్తా వైపు తిరిగింది. ఈ మందు కొనమని సిఫార్సు చేసిన కాగితం మీద సంతకం మీదేనా అని అడిగింది. నాదేనండి అన్నాడు. ఈ ఎలుకకు వైద్యం చేయించిన చీటీ మీద పేరు కూడా మీదేనా అంది. అదీ నాదేనండి అన్నాడు.

"మరి మీ అభిప్రాయం ఏమిటి?"

ఇరవై రెండేళ్లలో అతనిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గుమస్తా బోను వైపు చూశాడు. ధాన్యం మనుషులు తినేది. అది ఎలుకల పాలైతే తప్పే. ఆ సంగతి ఫైల్లో పేజీలకు పేజీలు తనే రాశాడు. రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా పొట్లం వైపు మళ్లీ చూడబుద్ధి కావడం లేదు.

"నాకు తెలియడం లేదు మేడమ్," అన్నాడు చివరికి. "గోదాములో ఉన్నవాటి ముఖాలు నేనెప్పుడూ చూడలేదు. సంతకం పెట్టేశాను. దీని ముఖం పొద్దున చూశాను. అంతే తేడా. అది పెద్ద తేడానో, చిన్న తేడానో నాకు అర్థం కావడం లేదు."

మేడమ్ ఫైలు మూసింది. ఆ ఫైలూ, చీటీ రెండూ తన సంచిలో పెట్టుకుని, నిర్ణయం పై ఆఫీసు నుంచి వస్తుందని చెప్పి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, డబ్బాలోవాటిని మళ్లీ గోదాములో వదలవద్దని చెప్పింది. ఆవిడ కారు కదిలిందో లేదో, మేనేజరు ఆ డబ్బాను గుమస్తా వైపు తోశాడు. ఈ ఆఫీసులో ఎలుకలను మోసిన అనుభవం ఉన్నది అతనొక్కడికే అన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా, పొద్దున ఒక్క ఎలుకతో బయల్దేరిన గుమస్తా సాయంత్రం నాలుగు ఎలుకలతో ఇల్లు చేరాడు.

భార్య గుమ్మంలోనే ఎదురైంది. ముందు బోనును, తర్వాత డబ్బాను చూసి, లెక్కల టీచరు కాబట్టి మనసులోనే కూడుకుంది.

"ఒకటి తగ్గుతుందనుకుంటే మూడు పెరిగాయేమండీ?"

గుమస్తా గుమ్మం మెట్టు మీద కూలబడి, జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన సంగతి, దర్జీ ఆవిడ కళ్లనీళ్లు, డాక్టరు గుమ్మం పక్క పొట్లం, దాహం మొదలయ్యే రెండో రోజు. ఉద్యోగం పోతే ఎలా అని అతను అన్నప్పుడు, తను సంపాదిస్తోంది కదా అంది. బోను ముందు కూర్చుని చాలాసేపు చూసింది. అయిదు నిమిషాలు ముంచమన్న మనిషి తనే. అది ఆవిడకూ గుర్తొచ్చినట్టుంది. లోపలికి వెళ్లి, కొరికి పాడుచేసిన కిటికీ తెరను చింపి తెచ్చి, బోనులో పరిచింది. అదేమిటన్నట్టు మొగుడు చూస్తే, ఎలాగూ పనికిరాని గుడ్డే కదా అంది విసుగ్గా.

మూడు రోజులూ కూతురు వాటికి కాపలా కాసింది. నాలుగో రోజు డాక్టరు కట్టు విప్పాడు. అప్పుడే అది ఆడ ఎలుక అని కూడా తేల్చి, రిజిస్టరులో గుమస్తా పేరు ఎదుట ఆ సవరణ చేయించాడు. పనిచేయని ఇటుకల బట్టీ ఒకటి దూరాన ఉందని దర్జీ ఆవిడ చెబితే, ఆవిడతో సహా నలుగురూ కలిసి వెళ్లి ఎలుకలను అక్కడ వదిలారు. అవి వెనక్కి తిరిగి చూడలేదు. తను చేసింది మంచో, ఇంకెవరి నెత్తినో పెట్టడమో గుమస్తాకు దారి పొడుగునా తేలలేదు. అక్కడికి దగ్గర్లో ఇళ్లేమీ లేవు కదా అని భార్య రెండుసార్లు అడిగింది.

మరో వారానికి పై ఆఫీసు నుంచి కవరు వచ్చింది. మేనేజరు గుమస్తాను గదిలోకి పిలిచి, ఏదైనా ధైర్యంగా ఉండమని ఓదార్చి, అతని ఎదుటే కవరు చింపాడు. అందులో గుమస్తాను ఉద్యోగంలోంచి తీసేసిన మాట లేదు. గోదాముకు మందు మంజూరైంది. ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. షరతు ఒక్కటే: మందు పెట్టిన ప్రతిసారీ ఒక ఉద్యోగి ఎలుకను ముందుగా స్వయంగా చూసి, అది చనిపోయేవరకు మూడు రోజులూ దాని దగ్గరే ఉండి, ఉన్నట్టు సంతకం చేయాలి. మొదటి విడత బాధ్యత మేనేజరుది.

మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మధ్యాహ్నానికల్లా తాపీమేస్త్రీని పిలిపించాడు. పది రోజుల్లో గోదాము గోడల్లో కన్నాలన్నీ సిమెంటుతో పూడిపోయాయి, తలుపుల కింద రేకులు పడ్డాయి. సిమెంటుకూ రేకులకూ ఎవరూ మూడు రోజులు దగ్గర కూర్చోనక్కర్లేదు.